లీమర్ చెవి, దేవాంగపిల్లి గొంతు: ఆరు దశాబ్దాల పరిశోధన ఏం తేల్చింది?

వనపర్తి జిల్లా పెద్దమందడి చుట్టుపక్కల ఎటు పోయినా గుండ్లూ గుట్టలే. ధార్వాడ్ క్రేటాన్ అనే శిలావేదికలో భాగమైన ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇదే శిలావేదిక నుంచి తెగిపోయిన తునక ఒకటి మడగాస్కర్ ఈశాన్య తీరంలో, అంటోంగిల్ దగ్గర ఉందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు భావిస్తారు. భారత భూభాగం, మడగాస్కర్ విడిపోయి 8 కోట్ల 80 లక్షల ఏళ్లయింది. మడగాస్కర్‌లో లీమర్లు ఉన్నాయి. దక్షిణ భారతంలో వాటి దూరపు చుట్టం దేవాంగపిల్లి ఉంది. ఇలాంటి చుట్టరికాలను చూసే ఫిలిప్ స్క్లేటర్ అనే ఇంగ్లండు జంతుశాస్త్రవేత్త 1864లో హిందూ మహాసముద్రంలో ఒక ఖండం మునిగిపోయి ఉంటుందని ఊహించాడు. దానికి లెమూరియా అని పేరు కూడా పెట్టాడు. ఖండాలే కదులుతాయని తెలిశాక ఆ ఊహకు కాలం చెల్లింది. లీమర్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి మడగాస్కర్ చేరాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. లీమర్, దేవాంగపిల్లి శాఖలు రెండూ 6 కోట్ల ఏళ్లకు పైగా వేరువేరుగా బతికినా చుట్టరికం మాత్రం నిజమే.

ప్రైమేట్లు అనే జంతువర్గంలో మనం, కోతులు, కొండముచ్చులు ఒక కొమ్మ. ముక్కు చివర కుక్కకున్నట్టు తడిగా ఉండే లీమర్లు, దేవాంగపిల్లి వంటి లోరిస్‌లు, ఆఫ్రికా బుష్‌బేబీలు, పొట్టోలు రెండో కొమ్మ. ఈ రెండో కొమ్మలో చాలా జీవులు రాత్రి తిరుగుతాయి, చిన్నగా ఉంటాయి, మనిషి కంట పడవు. అందుకే చాలాకాలం వాటిని ఒంటరివి, మూగవి అనుకున్నారు. అవి ఎలా వింటాయి, ఏం పలుకుతాయి అన్న ప్రశ్నపై 1960ల నుంచి జరిగిన పరిశోధన ఆ అభిప్రాయాన్ని ఎంతవరకు నిలబెట్టిందో, ఎక్కడ కొట్టేసిందో చూడటం ఈ వ్యాసం పని. తెలుగు నేలమీద ఉన్న ఒకే ఒక్క తడిముక్కు ప్రైమేటు దేవాంగపిల్లికి దాంట్లోంచి ఏం దక్కుతుందన్నది చివరి లెక్క.

చెవిని కొలిచే రెండు దారులు

జంతువును అడిగి తెలుసుకోలేం కాబట్టి దాని వినికిడిని కొలవడానికి శాస్త్రవేత్తలు రెండు పద్ధతులు వాడతారు. మొదటిది శిక్షణ. దప్పిగొన్న జంతువు గొట్టం నుంచి నీళ్లు చప్పరిస్తుంటే ఒక ధ్వని వినిపిస్తారు. వినగానే ఆగాలని దానికి ముందే నేర్పి ఉంటారు. ధ్వనిని తగ్గించుకుంటూ పోతే అది ఆగడం మానేసిన చోటే వినికిడి హద్దు. ఒక్కో జంతువుకూ నెలలు పట్టే పని ఇది. అయినా దీనికున్న నమ్మకం మరో పద్ధతికి లేదు. హెన్రీ హెఫ్నర్, బ్రూస్ మాస్టర్టన్ 1970లో స్లో లోరిస్‌ను, పొట్టోను ఇలా పరీక్షించారు. అంతకు ముందటి ఏడాది బుష్‌బేబీ వంతు. ఉంగరాల తోక లీమర్ వినికిడి పట్టిక 1973లో వచ్చింది.

రెండో పద్ధతిని ఏబీఆర్ అంటారు. మన ఆసుపత్రుల్లో పసిపిల్లలకు చెవుడు ఉందో లేదో చూసే పరీక్ష ఇదే. మత్తిచ్చిన జంతువు చర్మం కింద సన్నని తీగలు పెట్టి, చెవిలో ధ్వని వినిపించి, మెదడు కాండం నుంచి వచ్చే విద్యుత్ స్పందనను నమోదు చేస్తారు. జంతువుకు శిక్షణ అక్కర్లేదు, ఒక్క పూటలో పని అయిపోతుంది. మారిస్సా రామ్సియర్, నథానియల్ డామినీ 2010లో ఉంగరాల తోక లీమర్, స్లో లోరిస్‌ల మీద రెండు పద్ధతుల ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. గీత ఆకారం దాదాపు ఒకటే, ఏబీఆర్‌లో స్పందన రావడానికి మాత్రం ఇంకాస్త గట్టి శబ్దం కావాలి. అరుదైన లీమర్లకు నెలల తరబడి శిక్షణ ఇవ్వడం కుదరదు కాబట్టి, ఈ పోలిక తర్వాత మరిన్ని జాతుల చెవులు కొలవడానికి దారి పడింది.

ఇక అంకెలు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునేంత శబ్దం, అంటే 60 డెసిబెల్స్ దగ్గర, మనిషి చెవి పై హద్దు సుమారు 17.6 కిలోహెర్ట్జ్. జపాన్ మకాక్ కోతికి 34.5. పొట్టోకు 42, స్లో లోరిస్‌కు 44, ఉంగరాల తోక లీమర్‌కు 58, బుష్‌బేబీకి 65. మనిషి వినలేని ధ్వనులను అతిధ్వనులు అంటున్నాం కదా, ఈ జీవులకు వాటిలో పెద్ద భాగం మామూలు ధ్వనే. కింది హద్దులో తడిముక్కు జీవులకంటే మనదే పైచేయి. మనం 31 హెర్ట్జ్ దాకా దిగగలం. ఉంగరాల తోక లీమర్ 67 దగ్గర, స్లో లోరిస్ 83 దగ్గర ఆగిపోతాయి.

అంత సన్నని స్వరాలు ఎందుకు వినాలి?

దీనికి మూడు జవాబులున్నాయి. మూడింటికీ బలం ఒకటే కాదు.

మొదటిది తల కొలత. శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలియాలంటే రెండు చెవులకూ అందే శబ్దంలో తేడా ఉండాలి. పెద్ద తల శబ్దానికి అడ్డుపడి అవతలి చెవిపై నీడ వేస్తుంది. చిన్న తల అలా అడ్డుకోగలిగేది పొట్టి తరంగాలను, అంటే సన్నని స్వరాలనే. తల ఎంత చిన్నదైతే అంత పై స్థాయి వినక తప్పదని మాస్టర్టన్, హెఫ్నర్, రవిజ్జా 1969లో చెప్పారు. ఆ తర్వాత ఎన్ని క్షీరదాల చెవులు కొలిచినా మొత్తం మీద ఈ సూత్రం నిలబడుతూనే వచ్చింది. మూడింటిలో గట్టిది ఇదే.

రెండోది వేట. మైసూరు ప్రాంతపు దేవాంగపిల్లి తిండి దాదాపు అంతా పురుగులేనని అన్నా నెకారిస్ క్షేత్ర పరిశీలన తేల్చింది. అందులో చీమలు, చెదలే ఎక్కువ. ఆకుల్లో పురుగు కదిలే చప్పుడులో ఎత్తు స్వరాల పాలు ఎక్కువ. వేటకు చెవి ఎంత పనికొస్తుందో చెప్పడానికి మడగాస్కర్ ఐ-ఐ చాలు. గబ్బిలం చెవుల్లాంటి పెద్ద డొప్ప చెవులున్న ఈ లీమర్ సన్నటి మధ్య వేలితో చెట్టు బెరడును టకటకా కొట్టి, లోపల పురుగు తొలిచిన సొరంగం ఎక్కడుందో ఆ మోతను బట్టి పసిగడుతుంది. తర్వాత పళ్లతో చెక్కను చీల్చి, అదే వేలితో పురుగును లాగుతుంది. 1991లో కార్ల్ ఎరిక్సన్ ప్రయోగాలు ఈ సంగతిని రుజువు చేశాయి. అయితే పురుగులు తినని లీమర్ల చెవులూ ఎత్తు స్వరాలు వింటాయి కాబట్టి వేట ఒక్కటే కారణమని చెప్పలేం.

మూడో జవాబు సంఘజీవనం. రామ్సియర్ బృందం 2012లో 11 తడిముక్కు జాతులను ఏబీఆర్‌తో కొలిచింది. పెద్ద గుంపుల్లో బతికే జాతుల చెవి ఎక్కువ చురుగ్గా ఉందని, గుంపు పెరిగే కొద్దీ మాట పెరిగి, మాటకు తగ్గట్టు చెవి పదునెక్కి ఉంటుందని వాదించింది. వినడానికి బాగానే ఉంది. చిక్కు గుంపు కొలత దగ్గర వస్తుంది. ఒక జాతి ఎంత పెద్ద గుంపులో బతుకుతుందన్న లెక్క పూర్వ పరిశీలకుల పుస్తకాల్లోంచి తెచ్చుకున్నది. వాళ్లు కంటితో చూసినదాన్ని, మనిషి చెవితో విన్నదాన్ని రాశారు. రాత్రి జీవి మనకు వినబడని స్వరంలో తోటివాటితో మాట్లాడుతుంటే, దాన్ని ఒంటరిదని రాసిన పుస్తకం తప్పు కొలతను ఇస్తుంది. 11 జాతులతో తేల్చిన సంబంధం అలాంటి తప్పులు రెండు మూడు పడితే తట్టుకోలేదు. ఈ సిద్ధాంతాన్ని కొట్టేయనక్కర్లేదు కానీ ఇంకా తేలలేదనే పక్కన పెట్టాలి.

పగటి లీమర్ల హెచ్చరికలు

అలిసన్ జాలీ 1966లో వెలువరించిన లీమర్ ప్రవర్తన గ్రంథంతో క్షేత్ర పరిశీలన ఊపందుకుంది. మడగాస్కర్ దక్షిణాన బెరెంటీ అడవిలో ఆమె ఉంగరాల తోక లీమర్లను, సిఫాకాలనే మరో రకం లీమర్లను గమనించింది. అదే ఏడాది అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు లీమర్ కేంద్రం మొదలైంది. లీమర్ల గొంతు మీద జరిగిన పరిశోధనలో చాలా భాగం ఈ రెండు చోట్ల నుంచీ, జర్మన్ శాస్త్రవేత్తలు మడగాస్కర్‌లోని కిరిందీ అడవిలో నడిపే కేంద్రం నుంచీ వచ్చింది.

ఎక్కువ చర్చ నడిచింది హెచ్చరిక అరుపుల మీద. మైకేల్ పెరీరా, జోసెఫ్ మాసిడోనియా 1991లో చూపినదాని ప్రకారం ఉంగరాల తోక లీమర్ గద్దను చూస్తే ఒక రకంగా, నేలమీద నడిచే వేటజంతువును చూస్తే మరో రకంగా అరుస్తుంది. అరుపు మారేది భయం ఎంతన్నదాన్ని బట్టి కాదని, వచ్చిన శత్రువు ఏ తరగతిదన్నదాన్ని బట్టేనని వాళ్ల వాదన. నలుపు తెలుపు రఫ్డ్ లీమర్లలో ఇంత స్పష్టమైన విభజన కనబడలేదు. క్లాడియా ఫిచ్‌టెల్, పీటర్ కాపెలర్ 2002లో ఎర్రనుదుటి లీమర్లు, సిఫాకాల మీద పనిచేసి మధ్యే మార్గం చెప్పారు. ఆకాశం నుంచి వచ్చే శత్రువుకు ప్రత్యేకమైన అరుపుంది. నేలమీది శత్రువుకు వాడే అరుపు మాత్రం పక్క గుంపుతో తగాదా వంటి ఇతర ఉద్రేకాల్లోనూ వస్తుంది. గద్దకు పేరుంది, నేలమీది శత్రువుకు కేక మాత్రమే ఉందన్నట్టు. మూడు దశాబ్దాల వాదన తర్వాత చాలామంది ఒప్పుకునే రూపం ఈ మధ్యే మార్గానిదే.

ఒకరి హెచ్చరికను మరో జాతి వాడుకోవడం అంతకంటే ఆసక్తికరమైన కోణం. ఉంగరాల తోక లీమర్లు సిఫాకాల హెచ్చరికను గుర్తుపడతాయని ర్యో ఓడా, నొబువో మసతాకా 1996లో చూపారు. సిఫాకా పిల్లలకు ఈ తెలివి పుట్టుకతో పూర్తిగా రాదనీ, ఎదిగే కొద్దీ తమ జాతి అరుపులను, పరాయి జాతి అరుపులను వేరుచేసుకుంటాయనీ ఫిచ్‌టెల్ 2008లో రాసింది. మెలనీ సైలర్ బృందం 2013లో ఒంటరిగా బతికే సహమలాజా స్పోర్టివ్ లీమర్‌కు పక్షుల హెచ్చరిక అరుపులు వినిపించింది. పగలంతా చెట్టు తొర్రలో కునుకు తీసే ఆ జీవి వాటిని విని అప్రమత్తమైంది. గుంపు లేని జీవికి అడవి అంతా కాపలా గుంపే అయిందన్నమాట. ఒంటరితనాన్ని చెవితో కొలిస్తే వచ్చే జవాబు వేరు.

స్నేహపు పలుకుల విషయంలో ఇపెక్ కులాహ్జీ, డేనియల్ రూబెన్‌స్టైన్, ఆసిఫ్ గజన్ఫర్ 2015లో చేసిన పని ముఖ్యమైనది. ఉంగరాల తోక లీమర్లు గుంపులో అందరి పిలుపుకూ బదులివ్వవు. ఎవరితో కూర్చుని బొచ్చు దువ్వుకుంటాయో వాళ్ల పిలుపుకే ఎక్కువగా బదులిస్తాయి. దగ్గరున్నప్పుడు పళ్లతో, నాలుకతో చేసే మన్నన దూరమైనప్పుడు గొంతుతో సాగుతుంది.

ఇంద్రి పాటలో లయ

లీమర్లలో పాడే జాతి ఇంద్రి. తూర్పు మడగాస్కర్ వానఅడవుల్లో పొద్దున ఒక కుటుంబం గొంతెత్తితే రెండు కిలోమీటర్ల దాకా వినబడుతుంది. ఆడదీ మగదీ కలిసి పాడతాయి, పిల్లలు గొంతు కలుపుతాయి. ఇటలీలోని ట్యూరిన్ విశ్వవిద్యాలయానికి చెందిన కియారా డి గ్రెగోరియో, మార్కో గాంబా, వారితో పాటు ఆండ్రియా రవిన్యానీ 12 ఏళ్లపాటు రికార్డు చేసిన పాటలను కొలిచి 2021లో ఫలితాలు ప్రకటించారు. స్వరానికీ స్వరానికీ మధ్య విరామాలు ఇష్టం వచ్చినట్టు లేవు. అయితే రెండు విరామాలూ సమానం, లేకపోతే ఒకటి రెండోదానికి రెట్టింపు. పద్యం చదువుకున్న తెలుగువాడికి ఈ లెక్క కొత్తది కాదు: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. మనిషి సంగీతంలో తప్ప క్షీరదాల పాటలో ఇలాంటి లయ విభాగాలు అంతకు ముందు స్పష్టంగా దొరకలేదు. ఇంద్రికీ మనకూ ఉమ్మడి పూర్వీకుడు 6 కోట్ల ఏళ్లకు ముందటివాడు. అతని నుంచే ఈ లయ వచ్చిందనడానికి ఆధారం లేదు, మధ్యలో ఉన్న జాతులు చాలావరకు పాడవు. రెండు చోట్ల విడివిడిగా పుట్టిందనుకోవడమే సబబు.

లీమర్ గొంతుకు మనిషి పసికందు చెవి స్పందించిన ప్రయోగం కూడా ఒకటుంది. అలిస్సా ఫెరీ, సూజన్ హెస్పోస్, సాండ్రా వాక్స్‌మన్ 2013లో నీలికళ్ల లీమర్ పలుకులను పసిపిల్లలకు వినిపిస్తూ బొమ్మలు చూపారు. మూడు నాలుగు నెలల పిల్లలకు మనిషి మాట ఎలా తోడ్పడుతుందో, ఈ పలుకులూ వస్తువులను వర్గాలుగా పోల్చుకోవడానికి అలాగే తోడ్పడ్డాయి. ఆరు నెలలు నిండేసరికి ఆ ప్రభావం పోయి, మనిషి మాట ఒక్కటే మిగిలింది. ప్రైమేట్ గొంతుకు తెరుచుకుని పుట్టిన చెవి నెలల్లోనే తనవాళ్ల మాటకు కుదురుకుంటుందని దీని సారాంశం.

రాత్రి జీవుల సన్న గొంతులు

పగటి లీమర్ల అరుపు ఎవరికైనా వినబడుతుంది. రాత్రి జీవుల దగ్గరకొచ్చేసరికి మన చెవి చాలదు. అరచేతిలో ఇమిడే ఎలుక లీమర్ 60 గ్రాముల జీవి. ఇది ఒంటరిగా మేత వెతుక్కుంటుంది, పగలు మాత్రం కొన్ని కలిసి తొర్రలో పడుకుంటాయి. జర్మనీలోని హనోవర్ పశువైద్య విశ్వవిద్యాలయంలో ఎల్కే జిమ్మర్‌మన్ బృందం దశాబ్దాలపాటు వీటి అతిధ్వని పలుకులను చదివింది. కంటికి ఒకేలా కనిపించే ఎలుక లీమర్ జాతులు గొంతులో వేరని 2008లో చూపింది. ఆ బృందంతోనే పనిచేసిన షారన్ కెస్లర్ 2012లో ఇంకో మెట్టు ఎక్కింది. ఆడ ఎలుక లీమర్లు తమ తండ్రి పిలుపుకంటే చుట్టరికం లేని మగవాటి పిలుపుకే ఎక్కువ స్పందించాయి. తండ్రి పెంపకం లేని జీవి తండ్రి వరసను గొంతులో గుర్తుపట్టిందన్నమాట. దగ్గరి రక్తంతో జతకట్టకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది.

మనవైపు కొమ్మకు చెందిన ఫిలిప్పీన్ టార్సియర్ కథ ఇంకా గమ్మత్తు. నోరు తెరుస్తుంది కానీ చప్పుడు రాదని, ఆవులిస్తోందని అనుకునేవారు. 2012లో రామ్సియర్ బృందం అతిధ్వని రికార్డర్ పెట్టి చూస్తే అది 70 కిలోహెర్ట్జ్ దగ్గర కేక పెడుతోంది, 91 దాకా వినగలుగుతోంది. దేవాంగపిల్లికి దగ్గరి బంధువైన జావా స్లో లోరిస్ కూడా అతిధ్వనులు వాడి జంటతో, పిల్లలతో సంబంధం నిలుపుకుంటుందని నెకారిస్ బృందం 2019లో రాసింది.

ఇలా సన్నగా పలకడంలో లాభమేమిటి? 50 కిలోహెర్ట్జ్ ధ్వనిని గాలే మీటరుకు ఒకటి రెండు డెసిబెల్స్ చొప్పున మింగేస్తుంది. మాట పక్క కొమ్మ దాకా పోతుంది, పక్క తోపు దాకా పోదు. పైగా రాత్రి వేటగాళ్లలో ముఖ్యమైన గుడ్లగూబలకు అది అసలు అందదు. చెవికి పేరుపడ్డ కొట్టపు గుడ్లగూబ కూడా 12 కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా వినలేదు. పిల్లి జాతుల దగ్గర ఈ ఎత్తు పారదు. మన ఇంటి పిల్లి 85 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. కాబట్టి అతిధ్వని ప్రతి శత్రువు నుంచీ దాచే తెర అనుకోకూడదు. అది రెక్కలున్న శత్రువు నుంచి మాత్రమే దాస్తుంది.

మన దేవాంగపిల్లి

దేవాంగపిల్లికి 1908లో ఏంజెల్ కాబ్రెరా పెట్టిన శాస్త్రనామం లోరిస్ లిడెక్కెరియానస్. బరువు పావు కిలో చుట్టూ ఉంటుంది. తోక లేదు, కాళ్లు పుల్లల్లా ఉంటాయి, టార్చి వెలుగు పడితే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. తెలుగు నేలలో దీని తావు కృష్ణకు ఆవల, రాయలసీమ దక్షిణాన ఉన్న కొండలు: శేషాచలం అడవులు, చిత్తూరు వైపు కౌండిన్య అభయారణ్యం. మైసూరు విశ్వవిద్యాలయానికి చెందిన మేవా సింగ్, ఆయన సహచరులు దక్షిణ ఆంధ్రప్రదేశ్‌లో దేవాంగపిల్లి విస్తృతి మీద చేసిన సర్వే 2000లో అచ్చయింది. రాత్రిళ్లు దారుల వెంట వెలుగు వేసుకుంటూ, మెరిసే కళ్లను లెక్కపెట్టడం ఆ పద్ధతి.

ప్రవర్తన మీద లోతైన పని తమిళనాడు దిండిగల్ జిల్లా అయ్యలూరులో జరిగింది. చేలూ చింతచెట్లూ తుమ్మ పొదలూ కలిసిన నేల అది. 1990ల చివర నెకారిస్, సింధు రాధాకృష్ణ అక్కడ రాత్రిళ్లు దేవాంగపిల్లుల వెంట తిరిగారు. ఒంటరిదనుకున్న జీవి పగలు గుంపుగా ముద్దకట్టి నిద్రపోతుంది. తల్లి, దాని పిల్లలు, ఒకటో రెండో మగవి అందులో ఉంటాయి. మునిమాపు వేళ లేచి, ఒకదాన్నొకటి దువ్వుకుని విడిపోతాయి. రాత్రి పొడవునా ఈలల్లాంటి పిలుపులు వినబడతాయి. తగాదాలో కిచకిచలు, గుర్రుమనడాలు వేరే. కొన్ని వారాలు నిండిన పిల్లను తల్లి కొమ్మ మీద వదిలి మేతకు పోతుంది. ఒంటరైన పిల్ల 'జిక్ జిక్' మని పిలుస్తుంది. మగవి వచ్చి ఆ పిల్లతో ఆడుకోవడం కూడా అయ్యలూరులో చూశారు. ఇంత సహవాసం ఉన్న జంతువును పాత పుస్తకాలు ఏకాంతజీవి అన్నాయి.

బెదిరిన లోరిస్ చేసే బుసపై మరో వాదన ఉంది. రెండు చేతులు తలపైకెత్తి, ఒళ్లు ఊపుతూ బుసకొట్టే భంగిమ పడగ విప్పిన నాగుపామును పోలి ఉంటుందని శ్రీలంకలో 20వ శతాబ్దం మొదట్లోనే గమనించారు. విషమున్న స్లో లోరిస్‌ల విషయంలో ఇది పామును అనుకరించే రక్షణ కావచ్చని నెకారిస్ బృందం 2013లో ప్రతిపాదించింది. ఊహ అందంగా ఉంది, దాన్ని నిలబెట్టాలంటే శత్రువులకు ఆ బుస వినిపించి, అవి నిజంగా వెనక్కి తగ్గుతాయో లేదో చూడాలి.

చట్టం దృష్టిలో దేవాంగపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు జీవి. మూఢనమ్మకాల వల్ల, కళ్లకూ ఒంటికీ లేని మహిమలు అంటగట్టడం వల్ల, దొంగ వ్యాపారం వల్ల దాని బతుకు కష్టంలో పడింది. రోడ్లు, కరెంటు తీగలు కూడా ప్రాణం తీస్తున్నాయి. తమిళనాడు ప్రభుత్వం 2022 అక్టోబరులో దిండిగల్, కరూర్ జిల్లాల్లో 11,806 హెక్టార్లలో కడవూర్ దేవాంగపిల్లి అభయారణ్యాన్ని ప్రకటించింది. ఈ జీవి కోసం దేశంలో ఏర్పడిన మొదటి అభయారణ్యం అదే. పరిశోధకులు ఏళ్లతరబడి అక్కడే రాత్రిళ్లు గడపడానికీ, అభయారణ్యం ఆ జిల్లాకే రావడానికీ సంబంధం ఉండి ఉండొచ్చు.

కృష్ణకు ఇటువైపు

పెద్దమందడి చేలల్లో దేవాంగపిల్లి ఉండదు. ఇక్కడ పల్లికాయ రైతుకు తెలిసిన ప్రైమేట్లు కోతులు, కొండెంగలు. వాటి గొంతు మీద జరిగిన పని కూడా ఈ ప్రశ్నకు పనికొస్తుంది. పొడుగు తోక, నెత్తిన టోపీలాంటి వెంట్రుకలున్న బోనెట్ మకాక్ దక్షిణాది కోతి. పొట్టి తోక, ఎర్రటి పిర్రల రీసస్ మకాక్ ఉత్తరాది కోతి. కృష్ణా గోదావరుల ప్రాంతం వాటి మధ్య పాత సరిహద్దు. రీసస్ దక్షిణానికి చొచ్చుకొస్తూ బోనెట్‌ను నెట్టేస్తోందని రిషి కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా 2011లో హెచ్చరించారు. వనపర్తి, గద్వాల ఆ సరిహద్దు నేలే.

ఉమా రామకృష్ణన్, రిచర్డ్ కాస్ 2000లో బోనెట్ కోతులకు కొండముచ్చు, కణుజు హెచ్చరికల రికార్డులు వినిపించారు. తమ జాతి అరుపు కాకపోయినా కోతులు వాటిని పట్టించుకుని పారిపోయాయి. సిఫాకా అరుపు విన్న లీమర్ చేసిందీ ఇదే. నల్లమలలో చెంచులు కొండెంగ కూతను బట్టి చిరుత జాడ చెప్పడం ఈ హెచ్చరికల వలలోకి మనిషి చెవి కూడా చేరడమే. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కాపలా పనికి చెంచులు ఇంత బాగా ఉపయోగపడటానికి ఒక కారణం ఈ చెవి.

ఇందులో రైతుకో పాఠం ఉంది. టపాసులు, డబ్బాల మోత, రికార్డు చేసిన పులి గాండ్రింపు కోతిని నాలుగు రోజులు భయపెడతాయి. వెనక శత్రువు లేని హెచ్చరికను ప్రైమేట్ చెవి తొందరగానే అబద్ధంగా లెక్కగట్టుకుంటుంది. అరుపుకు విలువ అది నిజమైనంత కాలమే. మోత యంత్రాలకు డబ్బు పోయడం కంటే రీసస్ గుంపుల సంఖ్య అదుపు, ఊళ్లో చెత్త, అడవిలో పండ్ల చెట్లు అనే మూడింటి మీద పెట్టిన డబ్బుకే ఫలితం ఉంటుంది.

లెక్క తేలిందెంత?

మూడు విషయాలు స్థిరపడ్డాయి. ఒకటి, తడిముక్కు ప్రైమేట్ల వినికిడి పై హద్దు మనకంటే చాలా ఎత్తు, దానికి మూల కారణం చిన్న తల. రెండు, వాటి హెచ్చరికలు కొంత అర్థాన్ని, కొంత ఉద్రేకాన్ని కలిపి మోస్తాయి, పరాయి జాతుల చెవికి కూడా చేరతాయి. మూడు, రాత్రి జీవులను ఒంటరివని, మూగవని రాసింది మనిషి చెవి కొరత వల్ల. గుంపు పెరిగితే చెవి పదునెక్కుతుందన్న వాదన, పాము బుస అనుకరణ ఇంకా నిలబడాల్సినవే.

ఇప్పుడు పరికరాలు అందుబాటులోకి వచ్చాయి. మామూలు ఫోను 24 కిలోహెర్ట్జ్ దాటి రికార్డు చేయలేదు. అరచేతిలో పట్టే ఆడియోమాత్ అనే చవక రికార్డర్ సెకనుకు 3,84,000 నమూనాలు తీసుకుని, లోరిస్ చెవి అందుకునే ధ్వనులన్నిటినీ పట్టగలదు. చెట్టుకు కట్టి వదిలేస్తే రాత్రంతా తానే వింటుంది. టార్చి వెలుగులో కళ్లు లెక్కపెట్టే సర్వేకు ఇది తోడైతే, ఎన్ని దేవాంగపిల్లులు ఉన్నాయన్నదే కాక, అవి ఎవరితో ఎప్పుడు పలుకుతున్నాయన్నది కూడా తెలుస్తుంది.

లీమర్ల పరిస్థితి చూస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. 2020 నాటి ఐయూసీఎన్ లెక్కలో 107 లీమర్ జాతుల్లో 103 ముప్పులో ఉన్నాయి, వాటిలో 33 అంతరించే అంచున ఉన్నాయి. దేవాంగపిల్లి ఇంకా అంత దూరం పోలేదు, ముప్పుకు దగ్గరపడ్డ జీవి అన్న వర్గంలో ఉంది. శేషాచలం, కౌండిన్యల్లో అటవీశాఖ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సీసీఎంబీలోని అంతరించే జీవుల పరిరక్షణ ప్రయోగశాల కలిసి ఏడాదిపాటు ఇలాంటి ధ్వని సర్వే చేపట్టాలి. కడవూర్ తరహా అభయారణ్యం రాయలసీమకు కావాలని అడగడానికి అలాంటి సర్వే ఇచ్చే ఆధారం కంటే గట్టిది మరొకటి ఉండదు. పాఠకులు చేయగలిగిందీ ఒకటుంది: దేవాంగపిల్లి కళ్లతో మందు, మంత్రం అని ఎవరైనా అమ్మజూపితే కొనకుండా అటవీశాఖకు చెప్పండి.